బదులు పాట

మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలి మీద ఎగతాళి పాటలు పాడేవారు. అవతలివాళ్ళు ఊరుకునేవారా? అంతకు రెండింతలు వడ్డించేవారు. అమెరికాలో నల్లవారి రాప్ పాటల్లోనూ అలాంటిదొకటుంది. దాన్ని ‘డిస్’ పాట అంటారు. డిస్‌రెస్పెక్ట్ అన్న మాటకి పొట్టి పేరు. ఎదుటివాణ్ణి పేరు పెట్టి మరీ కడిగెయ్యడమన్న మాట.

ఉత్త తిట్లే కదా అనిపిస్తుంది. కానీ 1984 నాటి ఈ సంగతి వినండి. న్యూయార్క్‌లో యు.టి.ఎఫ్.ఓ. అనే బృందం ‘రాక్సాన్, రాక్సాన్’ అని పాడింది. ఎంత వెంటపడినా రాక్సాన్ అనే పిల్ల తమని లెక్కచెయ్యలేదట! అదీ ఆ మగవాళ్ళ ఉక్రోషం. పాట మోగిపోయింది.

పాటలో పిల్లకి నోరెక్కడిది? క్వీన్స్‌బ్రిడ్జ్‌లో, ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో పెరిగిన 14 ఏళ్ళ లొలీటా ఆ నోరు తనిచ్చింది. రాక్సాన్ షాంటే అని పేరు పెట్టుకుని, వాళ్ళ వాయిద్యం మీదే ‘రాక్సాన్స్ రివెంజ్’ పాడి, ఆ ముగ్గుర్నీ వరసపెట్టి దులిపేసింది. దాంతో పదుల కొద్దీ బదులు పాటలు పుట్టుకొచ్చాయి.

కాదన్న ఆడపిల్లకి పొగరనడం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఎందుకు కాదందో అడిగేవారే ఉండరు. తిట్టడం మర్యాద కాదు, నిజమే. కానీ అవతలివాడి తిట్టు పాటై ఊరంతా మోగుతుంటే, నోరు మూసుకోవడమే మర్యాదని ఆడపిల్లకి మాత్రమే ఎందుకు చెబుతాం?