నిలబడి పాడిన పిల్ల

చిన్నప్పుడు ఇంట్లో మీకు మొదట ఏం నేర్పారో గుర్తుందా? ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయి సెక్టర్ 6 క్వార్టర్లలో అయితే ఆడపిల్లకి కూర్చోవడం నేర్పేవారు, మగపిల్లాడికి ఏడుపు దిగమింగుకోవడం నేర్పేవారు. "కాళ్లు ముడుచుకు కూర్చోవే", "ఆడపిల్లలా ఆ ఏడుపేంట్రా"... ఏ గుమ్మం ముందు నిలబడినా ఇవే వినబడేవి. శ్రీకాకుళం నుంచో విశాఖ వైపు నుంచో స్టీల్ ప్లాంటు ఉద్యోగానికొచ్చిన మనవాళ్లు ఆవకాయతో పాటు ఈ మాటల్నీ వెంట తెచ్చుకున్నారు. పక్క క్వార్టరు బెంగాలీలదైనా మలయాళీలదైనా వంట మారేదిగానీ ఈ మాట మారేది కాదు. 1955లో రష్యావాళ్లతో ఒప్పందం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. ఊరు ఊరంతా కొత్తది, పిల్లల్ని పెంచే తీరు మాత్రం పాతది.

అందుకే పిల్లల మాట వచ్చినప్పుడల్లా నాకు గాయని తీజన్ బాయి గుర్తొస్తుంది. ఆవిడది ఎక్కడో కాదండీ, భిలాయికి 14 కిలోమీటర్ల దూరంలోని గనియారి. పుట్టింది 1956లో, పార్ధీ తెగలో. తాత బ్రిజ్‌లాల్ భారతం పాడుతుంటే వినీ వినీ కథంతా నోటికి పట్టేసింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ గానాన్ని పండవానీ అంటారు. మన బుర్రకథలాగే చేతిలో తంబూరా, పక్కన వంత. అందులో వేదమతి, కాపాలిక అని రెండు బాణీలు. వేదమతిలో కూర్చుని పాడతారు. కాపాలికలో లేచి నిలబడి, వేదికంతా తిరుగుతూ పాత్రలన్నీ తామే ఆడతారు. ఆడవాళ్లు పాడితే కూర్చునే పాడాలన్నది అప్పటి కట్టుబాటు. పదమూడేళ్ల తీజన్ చంద్రఖురి ఊళ్లో నిలబడి పాడింది. పది రూపాయలు ఇచ్చారు.

పాడినందుకు సొంతవాళ్లే వెలివేశారు. ఒక్కతే చిన్న గుడిసె వేసుకుంది. గిన్నెలూ తిండీ ఇరుగుపొరుగుని అడిగి తెచ్చుకుంది. పాట మాత్రం మానలేదు. తర్వాత నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆ గొంతును గుర్తుపట్టడం, భిలాయి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, దేశదేశాల వేదికలు, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్... ఇవన్నీ మీకు తెలిసినవే.

ఆవిడ పాడుతుంటే చూశారా ఎప్పుడైనా? దుశ్శాసన వధ ఘట్టం చూడండి. తంబూరా ఇప్పుడు భీముడి గద, అంతలోనే అర్జునుడి విల్లు, మరుక్షణం ద్రౌపది జుట్టు. చీర చీరలాగే ఉంది, బొట్టూ గాజులూ ఎక్కడివక్కడే ఉన్నాయి, అయినా మన ముందు నిలబడింది భీముడే. నాకు ఒళ్లు జలదరిస్తుంది. భీముడు కావడానికి ఆవిడ తనలో దేన్నీ వదులుకోలేదు.

ఇటు మన తెలుగు వేదిక చూడండి. సత్యభామ అనగానే ఆడవేషానికి పేరుపడ్డ స్థానం నరసింహారావుగారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది కూడా తీజన్ పుట్టిన 1956లోనే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు భామగా వస్తే జనం మైమరిచిపోయేవారు. ఎంత గొప్ప కళ! మరి అదే జనం, ఇంట్లో అక్క కాటుక డబ్బీ తీసి కళ్లకు పెట్టుకున్న పిల్లాడి చెంప ఎందుకు పగలగొట్టారు? మా వీధిలో అలాంటివాడొకడుండేవాడు. బొమ్మల కొలువు రోజుల్లో మెట్ల మీద గుడ్డ పరిచి, బొమ్మలన్నీ వాడే సర్దేవాడు. అంత ముచ్చటగా ఎవరూ సర్దలేరు. పేరంటం వేళకి బ్యాటు చేతికిచ్చి గ్రౌండుకి తరిమేవాళ్లు. నీకేం ఇష్టంరా అని వాణ్ని ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు మెలిపడుతుంది.

ఆ తర్వాత కాలం కొంత మారింది. తమ లింగమేదో చెప్పుకునే హక్కు ఎవరిది వారిదేనని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2021లో మా ఛత్తీస్‌గఢ్ పోలీసుశాఖలో పదముగ్గురు ట్రాన్స్‌జెండర్లు కానిస్టేబుళ్లుగా ఎంపికయ్యారు. పేపర్లో ఆ వార్త చదివాక నాకొక్కటే తెలుసుకోవాలనిపించింది: చిన్నప్పుడు వాళ్ల పక్షాన మాట్లాడిన అమ్మమ్మో, మాస్టారో, పక్కింటి పిన్నిగారో ఎవరైనా ఉన్నారా? మీకు అలాంటి పెద్దవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి, వింటాను.