అడుగున నిలిచిన తడి



మీ యింట ఎప్పుడైనను రాత్రివేళ గొట్టము ఊడి గదినిండ నీరు నిలిచినదా? మా యింట 2019వ సంవత్సరము ఆగస్టు నెలలో అట్లు జరిగెను. అప్పుడు నేను నేర్చుకొనిన దానిని, నేను చేసిన తప్పును మీకు దాచక చెప్పుచున్నాను.

ఆ దినములలో మా గుడికి సున్నము వేయుచుండిరి. బల్లయెదుట పరచు తివాచీ పాడగునని దానిని మా యింటికి తెప్పించితిని. అది ఏలూరులో నేసిన ఊలు తివాచీ. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మా సంఘ స్త్రీలు ఎసటిలోనికి బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక గుప్పెడు ప్రక్కకు తీసి, అవి అమ్మిన సొమ్ముతో దానిని కొనిరి. చుట్టియుంచినయెడల పురుగు పట్టునని నాకు నేనే చెప్పుకొని, దానిని నా ముందుగదిలో పరచుకొంటిని. అందముగా నుండెనని సంతోషించితిని కూడ.

ఒకనాటి రాత్రి మేడమీది ట్యాంకునుండి వచ్చు ప్లాస్టిక్ పైపు అతుకు ఊడిపోయెను. అయిదువందల లీటర్ల ట్యాంకు తెల్లవారునప్పటికి ఖాళీ అయ్యెను. నేను తివాచీమీద కాలు మోపగానే నీళ్లు చిమ్మెను. “ఏమండీ, అక్కడే ఆగండి! ముందు కరెంటు మెయిన్ ఆపాలి” అని నా భార్య కేకవేసెను. ఆమె మాట మీరును జ్ఞాపకముంచుకొనుడి. నీరు నిలిచిన గదిలో మొదట ఆపవలసినది కరెంటు, తరువాత ట్యాంకు వాల్వు. తివాచీ సంగతి ఆ తరువాతనే.

గిద్యోను గొఱ్ఱెబొచ్చును పిండగా పాత్రనిండ నీళ్లు వచ్చిన సంగతి మీరెరుగుదురు. ఊలు అంత నీటిని దాచుకొనును. ఇద్దరము పట్టినను ఆ తివాచీ లేవలేదు. ప్రక్కింటి అబ్బాయిలను పిలిచి, మూల పట్టి లాగక, నలుగురము నాలుగు వైపుల ఎత్తి వరండాలోనికి తెచ్చితిమి. మెలిపెట్టి పిండినచో ముడులు సడలునని, పొడి నూలుబట్టలు పైన వేసి అదిమి నీరు తీసితిమి. క్రిందనుండి గాలి తగులునట్లు రెండు నులకమంచములు జతచేసి వాటిపై పరచితిమి. ఇంతవరకు బాగుగనే చేసితిమి.

వాన ముసురు, ఎండ లేదు. ఫ్యాను పెట్టితిని. మరునాటి సాయంకాలము చేతితో తడిమి చూడగా పొడిగా తోచెను. ఊలు తన బరువులో దాదాపు మూడవవంతు తేమను పీల్చుకొనియు తడిగా తోచదని నాకు అప్పుడు తెలియదు. పైన ఊలు, అడుగున నూలు పడుగు. నేను అడుగు చూడలేదు. చుట్టి గుడికి పంపించి, సిమెంటు నేలమీద పరిపించితిని. కొంచెము వాసన వచ్చుచుండగా అత్తరు చల్లితిని. ఎవరితోను ఏమియు చెప్పలేదు.

రెండవ ఆదివారమున ఒక పెద్దమ్మ ఆ తివాచీమీద మోకరించి, లేచుచు ముక్కు చిట్లించెను. ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె మూల ఎత్తి చూపెను. అడుగంతయు నల్లగా బూజు పట్టియుండెను.

“అయ్యగారూ, పైన తడిమితే ఏం తెలుస్తుందండీ? వడ్లు ఎండబోసినా అడుగున చెయ్యిపెట్టి చూస్తాం గదా” అనెను.

నేనేమంటినో తెలియునా? “కొత్త సున్నపు చెమ్మ కావచ్చునమ్మా” అంటిని. ఆమె నమ్మెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. లేవీయకాండము పదమూడవ అధ్యాయములో బట్టకు పట్టిన పొడను గూర్చిన విధి యున్నది. యౌవనమున వేదాంత పాఠశాలలో దానిని విసుగుతో చదివితిని. ఉన్నిగాని నారగాని, పడుగుగాని పేకగాని, యాజకుడు దానిని చూడవలెను. ఏడు దినములు వేరుగానుంచి మరల చూడవలెను. ఉదికించి, ఇంకను ఏడు దినములాగి మరల చూడవలెను. నేనైతే ఒక్కసారి, అదియు పైపైన చూచితిని. బూజు పట్టుటకు తడి ఒకటి రెండు దినములు నిలిచిన చాలును. అబద్ధము పట్టుటకు అంతసేపును అక్కరలేదు.

బుధవారపు స్త్రీల కూటములో జరిగినదంతయు చెప్పితిని: తివాచీ నా గదిలో పరచుకొన్నది, పైపు ఊడినది, అత్తరు చల్లినది, సున్నముమీద నేరము మోపినది. వారు చాలసేపు మాటలాడలేదు. పెద్దమ్మ మాత్రము, “నేను నమ్మాను గదండీ అయ్యగారూ” అనెను. అంతకు మించి ఆమె నన్నేమియు అనలేదు. ఆ ఒక్క మాట నేటికిని నా చెవులలో నున్నది.

పిమ్మట ఆమెయే లేచి మంచములు తెప్పించెను. ముక్కులకు గుడ్డలు కట్టుకొని తివాచీని ఆరుబయట తిరగవేసి, బూజును బ్రష్షుతో దులిపిరి. రంగు వెలియకుండునట్లు అడుగు భాగమునే ఎండకు పెట్టి, పూట పూటకు చేయి పెట్టి చూచిరి. చేతికి చల్లగా తగిలినంతకాలము లోపల తడి యున్నట్లే. అయిదు దినములకు ఆరెను. ఒక మూల అరచేతి మేర నూలు చివికిపోగా, కత్తిరించి అతుకువేసిరి.

చదువరీ, మీ యింట చాపయైనను, జంపఖానాయైనను, పరుపైనను తడిసినయెడల అడుగున చేయి పెట్టి చూడుడి. దాని క్రింది నేలనుకూడ ఆరనియ్యుడి. మురుగునీటిలో తడిసినదైతే దానిమీద ఆశ పెట్టుకొనకుడి. తప్పు చేసినయెడల అత్తరు వెదకక, అది తాజాగా నున్నప్పుడే ఎవరికి చెప్పవలెనో వారికి చెప్పుడి. నేను పది దినములు ఆలస్యము చేసితిని.

ఆ తివాచీ ఇప్పటికిని మా బల్లయెదుట నున్నది. ఆ అతుకు నేను మోకరించు వైపుననే యుండునట్లు పరిపించుకొనుచున్నాను.