ముప్పావలా తపాలాబిళ్ళ

నిజాం ప్రభుత్వం 1931లో వెలువరించిన తపాలాబిళ్ళల వరుసలో ఎనిమిది ఉన్నాయి. పైలలో వెలగల చిన్నవి రెంటిని విడిచిపెడితే తక్కినవన్నీ చూడముచ్చటైన దృశ్యాలు. అణాకు చార్మినారు, రెండణాలకు హైకోర్టు, నాలుగణాలకు ఉస్మాన్ సాగరు, ఎనిమిదణాలకు అజంతా గుహల ద్వారం, పన్నెండణాలకు బీదరు మదరసా, రూపాయికి దౌలతాబాదు విజయస్తంభం. 1956లో హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై అజంతా, దౌలతాబాదు బొంబాయి రాష్ట్రానికి, బీదరు మైసూరుకు పోయాయి. నా ఆల్బంలో మాత్రం ఎనిమిదీ ఒకే పుటలో ఉండాలని నా పంతం.

చార్మినారు బిళ్ళలు విరివిగా దొరికేవి. వాటిని పోగుచేసి తోటి సేకర్తలకు ఆరో ఏడో ఇస్తే ఒక అజంతా వచ్చేది. ఇలా ఇచ్చిపుచ్చుకొంటూ ఏడు సమకూర్చుకొన్నాను. బీదరు ఒక్కటే చిక్కలేదు. సీసపద్యంలో ఒక అర్ధపాదం లోపించినట్లుండేది ఆ పుట. (పండితులకు నా బాధ తెలుస్తుంది!)

1994లో ఇబ్రహీంపట్నంలో పనిచేస్తుండగా తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు పాత రిజిష్టరు కవరొకటి తెచ్చాడు. "మా తాత ఆయన అయ్యకు పట్నం నుంచి పంపిండట సార్" అన్నాడు. దానిపై ఎర్రని బీదరు బిళ్ళ! త్రికోణాకారపు విదేశీ బిళ్ళలు, సీతాకోకచిలుకలవి, మూడు ఇచ్చాను. వాని ముఖం వెలిగిపోయింది. బిళ్ళ వెల నాకు తెలుసు, వానికి తెలియదు. ధర్మరాజు కథ చెప్పిన నోటితోనే "సరికి సరి" అన్నాను.

ఆ రాత్రి కవరును గోరువెచ్చని నీటిలో నానబెట్టాను. ఉర్దూ లిపిలోని చిరునామా నీలంగా కరిగి నీటిలో కలిసింది. బిళ్ళ ఊడి తేలింది. తడికాగితాన్ని పారవేశాను. అప్పట్లో మాలో చాలామందికి అదే అలవాటు. కవరుతో సహా భద్రపరచడమే మేలని తరువాత ఎప్పుడో తెలిసింది.

నిరుడు అతడు మా యింటికి వచ్చాడు. నలభై దాటాయి, చెంపలు నెరిశాయి. కాఫీ తాగి, కొంత మొగమాటపడి, "ఆ కవరు ఉన్నదా సార్? మా ఇంట్ల తాత చేతిరాత ఇంకేడా లేదు. ఒకసారి సూసి పోదామని వచ్చిన" అన్నాడు.

జరిగినది చెప్పాను. ఆల్బం తెరిచి, పటకారుతో బీదరు బిళ్ళను తీసి అతని ముందుంచాను.

అతడు దానిని చాలాసేపు చూశాడు. "ఉండనియ్యండి సార్, మీకు వరుస తప్పుతది" అని, తానే జాగ్రత్తగా తిరిగి దాని చోట పెట్టాడు.