చక్రముల యింట నదీతీరవాసము

ఇల్లు విడిచి యాత్రకు పోవుట మనకు క్రొత్త గాదు. కాని యింటినే వెంట గొని పోవు యాత్ర నాకు క్రొత్త. 2025వ సంవత్సరము మార్చి నెలలో, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఆస్టిను నగరమందు కాపురమున్న మా అమ్మాయి యింటికి నేను పోయియున్నప్పుడు అట్టి యాత్ర నాకు లభించినది. టెక్సాసు ఉష్ణప్రదేశము. అచ్చటి వేసవి మన రెంటచింతల యెండను తలపించును. కావున అచ్చటివారు సెలవు దొరికినంతనే నీటియొడ్డును వెదకికొనుచు బయలుదేరుదురు.

మా అల్లుడు అద్దెకు తెచ్చిన బండిని అక్కడ ఆర్.వీ. యందురు. చూచుటకు బస్సువలె నుండును. లోపల రెండు మంచములు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, చిన్న స్నానపుగది, మరుగుదొడ్డి యున్నవి. భోజనపు బల్లను దించి పరచినచో అదియే మరియొక పడక యగును. ఒక మీట నొక్కినంతనే గోడ యొకటి వెలుపలికి జరిగి గది వెడల్పగును. “అమ్మమ్మా! మన యిల్లు పెరిగినది!” అని మా మనుమరాలు చప్పట్లు కొట్టెను.

ఈ యింటి గుట్టంతయు నేలక్రింద నున్న మూడు తొట్టెలలో గలదు. మొదటిది మంచినీటిది. రెండవది గిన్నెలు కడిగిన నీరును, స్నానపు నీరును చేరునది. మూడవది మరుగుదొడ్డిది. ఈ రెండు మురుగు తొట్టెలును నిండినచో, వానిని ఖాళీ చేయుట కేర్పరచిన చోటికి పోయి గొట్టము తగిలించి వదలవలెను. ముందుగా మరుగుదొడ్డి తొట్టెను వదలి, పిమ్మట గిన్నెల నీటిని వదలుదురు. ఆ నీటితో గొట్టము కడుగబడును. మన యింట కుళాయి విప్పి ధారగా నీరు పోసికొను నాకు, ఇచ్చట ప్రతి చెంబునకును లెక్క యున్నదని రెండవ దినముననే బోధపడినది. విద్యుత్తు సంగతియు నట్లే. చల్లని గాలి యంత్రము, మైక్రోవేవు, విద్యుత్ కుక్కరు మూడును ఒక్కమారు నడపగా దీపములన్నియు నారిపోయినవి. అన్నము గ్యాసు పొయ్యిమీద వండితిని.

మొదట మేము ఇంక్స్ సరస్సునకు పోయితిమి. అది ఆస్టినునకు వాయవ్యముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున గలదు. టెక్సాసులోని కొలరాడో నదిమీద ఆనకట్టలు కట్టగా నేర్పడిన ఆరు సరస్సుల వరుసలో నిది యొకటి. గ్రాండ్ కాన్యన్ లోయను తొలిచిన కొలరాడో వేరు, ఇది వేరు. ఇంక్స్ ఆనకట్ట 1938లో పూర్తియైనది. ఎగువ సరస్సులోని నీరు వానలనుబట్టి హెచ్చుతగ్గులు పొందినను, ఈ సరస్సు మట్టము ఇంచుమించు ఒకే తీరున నిలిచియుండును. ఒడ్డున గులాబిరంగు రాళ్లు సాయంకాలపు టెండలో మెరయుచుండెను. అవి నూరు కోట్ల యేండ్లకు పైబడినవట! అది రాష్ట్రప్రభుత్వపు ఉద్యానము. మా విడిదికి బల్ల, నిప్పుగూడు, కుళాయి, విద్యుత్తు గలవు. రాత్రి పది గంటలు దాటిన పిమ్మట ఎవరును చప్పుడు చేయరాదు. పొరుగువారి బండ్లలో దీపములు ఒక్కటొక్కటిగా నారుచుండగా, సరస్సు మా వాకిటి కోనేరువలె కదలక యుండెను. ఆ రాత్రి నేను నిశ్చింతగా నిద్రించితిని.

మూడవనాడు దక్షిణముగా పోయి, కంఫర్ట్ అను గ్రామమునకు సమీపమున గ్వాడలూప్ నదియొడ్డునగల యొక ప్రైవేటు విడిదిలో దిగితిమి. అచ్చట మురుగు గొట్టమునకు సైతము ఏర్పాటు గలదు గనుక తొట్టెల లెక్క తప్పినది. మా అమ్మాయి “ఇప్పుడు నిజముగా ఇల్లువలె నున్నదమ్మా!” అని సంతోషించెను. నది మా గుమ్మమునకు నలువది అడుగుల దూరమున నుండెను. ఆ యేడు వానలు లేక సన్నగిల్లియుండెను. మనుమరాలు మోకాలిలోతు నీటిలో గులకరాళ్లు ఏరుకొనెను. ఒడ్డున సైప్రెసు మహావృక్షములు వ్రేళ్లను నీటిలోనికి చాచి నిలిచియుండెను. ఇంతకన్న స్వర్గమేమి యనుకొంటిని.

మా ప్రక్కబండిలో డెబ్బదియేండ్లు దాటిన అమెరికను వృద్ధురాలొకతె యుండెను. ఇల్లమ్ముకొని ఏడాది పొడవున బండిలోనే కాపురము చేయువారు అచ్చట గలరు, ఆమె యట్టిది. నేనిచ్చిన ఉప్మా తిని మెచ్చుకొని, నన్ను చేయిపట్టి యొక సైప్రెసు చెట్టు క్రిందికి గొనిపోయినది. “తలయెత్తి చూడు” మనెను. చూచితిని. నా తలకు రెండు నిలువుల యెత్తున, కొమ్మల సందులలో ఎండుగడ్డి, పుల్లలు, చినిగిన గుడ్డపేలిక చిక్కుకొనియున్నవి. పక్షులు కట్టిన గూళ్లు కావవి. ఎప్పుడో వచ్చిన వరద విడిచిపోయిన గురుతులు!

అటుపిమ్మట ఆమె మా అల్లుని “ఈ బండిని కదల్చుటకు ఎంతసేపు పట్టు” నని యడిగెను. విద్యుత్తు తీగ, నీటి గొట్టము, మురుగు గొట్టము తీయవలెను, గోడను లోపలికి లాగవలెను, ఊతకోళ్లను పైకెత్తవలెను. పదునైదు నిమిషములని ఆతడు లెక్క చెప్పెను. ఆమె తల యూపి, “ఆ వ్యవధి ఈ నది ఈయకపోవచ్చును. రాత్రి నీరు వచ్చినచో బండిని తలపెట్టకుము. పాపను ఎత్తుకొని నడిచి పొండు. దారి ఏదో పగలే చూచియుంచుడు” అనెను. 1987 జూలైలో ఆ కంఫర్టు సమీపముననే, శిబిరమునుండి పిల్లలను గొనిపోవుచున్న బస్సు వరదలో నిలిచిపోయి పదిమంది బాలబాలికలు మరణించిరని ఆమె చెప్పినది. ఆ సాయంకాలము మేము నలువురము చేతిదీపము పట్టుకొని గట్టుమీదికి పోవు దారిని రెండుమారులు నడిచితిమి. మూడు గొట్టములతో నేలకు కట్టివేసికొనిన బండిని చూడగా, చక్రములున్నను అదియు ఇల్లే యైపోయినదని నాకు తోచినది.

నేను రాజమహేంద్రవరపు ఆడుబడుచును. 1986 నాటి గోదావరి వరద నెరిగినదానను. అయినను మా గోదావరి చెప్పి వచ్చునది. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఆ నీరు మా యూరు చేరులోపల మూట కట్టుకొనుటకు వ్యవధి దొరకును. గ్వాడలూప్ చిన్ననది. దాని చుట్టును సున్నపురాతి కొండలు. వానిమీద మట్టి పలుచన. పడిన వాన యింకక వాలునబడి ఒక్కమారుగా నదిలోనికి దూకును. పెద్దనదిని చూచి భయపడి, చిన్ననదిని చూచి ధైర్యపడుట నా యజ్ఞానము.

నేను స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట, అదే సంవత్సరము జూలై 4వ తేదీ తెల్లవారుజామున ఆ నదికి వరద వచ్చినది. ఎగువ భాగమున సుమారు 45 నిమిషములలో 26 అడుగులు పెరిగెనని వార్త. ఆ కెర్ కౌంటీలోనే నూరుమందికి పైగా మరణించిరి. వారిలో వేసవి శిబిరమునకు వచ్చిన బాలికలు గలరు. ఒడ్డున బండ్లలో నిద్రించుచున్నవారు గలరు. దిగువనున్న కంఫర్టులో మాత్రము సైరను మ్రోగించి జనులను ఖాళీ చేయించిరి. ఆ గ్రామమున ప్రాణనష్టము కలుగలేదు. మా అమ్మాయి రెండునాళ్లు ప్రయత్నించి ఆ వృద్ధురాలితో ఫోనున మాటలాడినది. సైరను వినినంతనే ఆమె చేతిదీపమును, మందుల సంచిని తీసికొని గట్టెక్కెనట. బండి, అందులోని సమస్తమును నీటిపాలయ్యెను. “నేను నడిచితిని, అంతే” అని ఆమె చెప్పెనట.

సోదరీమణులారా! నీటియొడ్డున విడియుట మానుడని నేను చెప్పను. ఇంక్స్ సరస్సు సాయంకాలము నేటికిని నా కన్నులయెదుట నున్నది. కాని మీరు పాపికొండలకు పోయినను, పిల్లల వెంట పరదేశమునకు పోయినను, నదియొడ్డున దిగినంతనే ముందు తలయెత్తి చెట్టుకొమ్మలను చూడుడు. పిమ్మట గట్టుదారిని పిల్లలతో కలసి నడిచి చూచుకొనుడు. ఆ తరువాతనే పొయ్యి వెలిగించుడు. ఆపద వేళ ఆడుదాని చేయి మొదట పెట్టెమీదికి, నగలమీదికి, వండిన గిన్నెమీదికి పోవును. ఆ చేయి పిల్లచేతిని మాత్రమే పట్టుకొని నడువవలెనని ఆ పరదేశపు ముత్తవ్వ నాకు నేర్పినది.