రియాక్టివ్ అంటే రోగమని కాదు



తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ల్యాబ్ రిపోర్టుతో పనేంటని అడగొద్దు. మన వాడల్లో ఆ కాగితం విడమర్చి చెప్పే మనిషి లేక మనుషులు వెలి అవుతున్నారు.

గడివేములలో మా మామకు హెర్నియా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ముందు చేసిన రక్తపరీక్షలో 'యాంటీ హెచ్‌సీవీ: రియాక్టివ్' అని వచ్చింది. "నీ రక్తంలో వైరస్ ఉంది, ఇక్కడ చేయం" అని ఒక ప్రైవేటు ఆసుపత్రి తిప్పి పంపింది. అది ఇల్లు చేరేసరికి ఎయిడ్స్ అయిపోయింది. అత్త ఆయన పళ్లెం, గ్లాసు వేరు పెట్టింది. టీ హోటల్లో వేరే గ్లాసు అనుభవించిన తరం ఆయనది. "ఏందిరా అల్లుడా, ఇంట్లో గూడా అంటేనా నాకు?" అన్నాడు.

ఆ కాగితం నిజంగా ఏం చెప్పిందో చూద్దాం. యాంటీ హెచ్‌సీవీ పరీక్ష హెపటైటిస్-సి వైరస్‌ను వెతకదు. ఆ వైరస్ మీద పోరాడటానికి మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. వైరస్ పోయినా అవి ఏళ్ల తరబడి ఉంటాయి. నూటికి 15 నుంచి 45 మందిలో మందు లేకుండానే ఆరు నెలల లోపు వైరస్ పోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్నిసార్లు ఈ పరీక్ష పొరబడుతుంది కూడా. వైరస్ ఇప్పుడు ఉందో లేదో తేల్చేది రెండో పరీక్ష: హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ. పీసీఆర్ పద్ధతిలో చేస్తారు. మామకు అది చేయిస్తే 'నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది. వైరసే లేదు!

ఇంకో సంగతి. వైరస్ సోకిన కొత్తలో యాంటీబాడీలు తయారవడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అప్పుడు మొదటి పరీక్ష 'నాన్ రియాక్టివ్' అన్నా, అనుమానముంటే ఆర్‌ఎన్‌ఏ చేయించాలి.

సరే, 'డిటెక్టెడ్' అనే వచ్చిందనుకుందాం. అయినా బతుకు ఆగిపోదు. చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది, కాలేయం బాగా దెబ్బతింటే ఇంకా ఎక్కువ కాలం వాడాలి. నూటికి 95 మందికి పైగా నయమయ్యే జబ్బు ఇది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. కోర్సు అయ్యాక 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చూడాలి. నయమయ్యాక కూడా మొదటి పరీక్ష రియాక్టివ్ అనే చూపించొచ్చు, భయపడొద్దు.

ఇది రక్తం ద్వారా సోకే జబ్బు: వాడిన సూది, శుభ్రం చేయని పచ్చబొట్టు సూది, ఇంకొకరి బ్లేడు. తాకితే రాదు, కలిసి తింటే రాదు. ఎయిడ్స్ అయినా అంతే. కాబట్టి గ్లాసు వేరు చేయడం వైద్యం కాదు, అంటరానితనమే.

ఆపరేషన్ నిరాకరించడమూ అలాంటిదే. ఎవరి రక్తమైనా సోకవచ్చనుకుని అందరి దగ్గరా ఒకే జాగ్రత్త పాటించాలన్నది వైద్యంలో మొదటి పాఠం. ఎవరినైనా తిప్పి పంపితే కారణం రాతపూర్వకంగా అడగండి.

సెలవులకు ఊరెళ్లే విద్యార్థి మిత్రులారా, వాడలో ఎవరి రిపోర్టులోనైనా 'రియాక్టివ్' కనిపిస్తే మొదట ఇది అడగండి: "ఆర్‌ఎన్‌ఏ చేశారా?"