రైలు రాని త్రోవ

హైదరాబాదునుండి పడమరగా బిజాపూరు త్రోవను పోవువారికి మొదట మొయినాబాదు, పిమ్మట చేవెళ్ల తగులును. మొయినాబాదునకు ఒక ప్రక్క గండిపేట చెరువు, వేఱొక ప్రక్క హిమాయత్‌సాగరము. త్రోవ పొడవునను ముదుసలి మఱ్ఱిచెట్లు ఊడలు దించి నిలిచియున్నవి. ఇన్ని కలిగిన యీ సీమకు రైలుబండి మాత్రము లేదు. ఇనుపదారి ఉత్తరముగా శంకరపల్లి మీదుగా వికారాబాదునకు పోయినది.

ఆ దారి 1874లో తెఱవబడి, సికింద్రాబాదును వాడి కూడలివద్ద బొంబాయి–మద్రాసు మార్గముతో కలిపినది. దానికి ధనము సమకూర్చినది నిజాము ప్రభుత్వమే. దానిని తూర్పునకు పొడిగింపవలసివచ్చినప్పుడు, 1883లో, లండనునందు ఒక కంపెనీ యేర్పడినది. దాని పేరు ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. గ్యారంటీ యనగా పూచీ. రైలు లాభించినను లాభింపకున్నను, పెట్టుబడిపై నూటికి 5 చొప్పున 20 ఏండ్లు వడ్డీ ముట్టజెప్పుదుమని ప్రభుత్వము వ్రాసియిచ్చినది. లోటు పడినచో పూడ్చవలసినది ఖజానా. ఖజానాను నింపునది నాగలి పట్టినవాడు. శంకరపల్లిలో బండి యెక్కినవానితోపాటు, బండిని కన్నులజూడని చేవెళ్ల రైతును ఆ పూచీని మోసినాడు.

ఈ యొప్పందపు షరతులను ప్రజలకు తెలుపవలెనని 1883లో నగరమున కొందఱు విద్యావంతులు అడిగిరి. వారిలో ముఖ్యుడు సరోజినీ నాయుడు తండ్రియగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. ప్రభుత్వము ఆయనను రాజ్యమునుండి వెడలగొట్టినది. లెక్క చూపుమన్నవానిని పొలిమేర దాటించుట ఆనాటి మర్యాద కాబోలు! కొంతకాలమునకు మరల రానిచ్చిరి.

రైలు 1889లో బెజవాడ చేరినది. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీనుండి దారులను కొనివేసినది. రెండేండ్లకు, 1932లో, ఆ రైల్వేయే 27 బస్సులతోను 166 మంది పనివారితోను రోడ్డు రవాణా ఆరంభించినది. పట్టాలమీద బండి నడపువారే మట్టిదారిన మోటారు త్రోలుట నాటివారికి వింతగానే తోచియుండును. స్వాతంత్ర్యానంతరము రైళ్లు కేంద్రమునకు, బస్సులు రాష్ట్రమునకు చెందినవి. నేడు చేవెళ్లలో నిలుచు పల్లెవెలుగు బస్సునకు ముత్తాత ఆ రైలే.

2023 డిసెంబరులో తెలంగాణమందు ఈ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైనది. ఆ చార్జీని సంస్థకు చెల్లించు భారము ప్రభుత్వముది. ఇదియు ఒక విధమగు పూచీయే. పన్ను కట్టువారు దీనినిగూర్చియు లెక్క అడుగవచ్చును, అడుగుచున్నారును. కాని దీని ఫలము లండనులోని వాటాదారునకు గాక, పూలగంపతో మొయినాబాదులో బస్సెక్కు స్త్రీకి దక్కినది.