చాడీలు చెప్పే టెస్టు

మా రాజమండ్రి ఇంట్లో పంచదార వేరు, షుగర్ వేరు. పంచదార వంటింట్లో స్టీలు డబ్బాలో ఉండేది. షుగర్ నాన్నకు ఉండేది. ఒకటి తినేది, రెండోది వచ్చేది. "ఆయనకు షుగరొచ్చిందటండీ" అని పక్కింటావిడ అంటుంటే, ఎవరో చుట్టం చెప్పాపెట్టకుండా రిక్షా దిగినట్టే ఉండేది. డాలస్ పక్కన ఈ ఫ్రిస్కోలో కాపురం పెట్టిన పద్నాలుగేళ్లకి, పోయిన జూలైలో, ఆ చుట్టం నా గుమ్మం దాకా కూడా వచ్చాడని తెలిసింది. అడ్రసిచ్చింది నేనే.

బయటపడింది కారులో. సర్వీసింగుకి ఇచ్చే ముందు మా ఆయన నా కారు శుభ్రం చేస్తూ డ్రైవరు పక్క డోరు జేబులో చెయ్యి పెట్టారు. వేళ్లకు చాక్లెట్ జిగురు అంటుకుంది. జూలైలో టెక్సాస్ ఎండకి కారులో ఏదీ దాగదు. ఏడు రేపర్లు, రెండు కుకీ కవర్లు, కరిగి కార్పెట్ మీదికి కారిన సగం బారు.

"చిన్నోడివా ఇవన్నీ?" అన్నారు.

"ఆ, వాడివే" అనేశాను.

మా వాడు ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటాడని ఆయనకూ తెలుసు. ఏమీ అనకుండా తడిగుడ్డ తెచ్చుకున్నారు. తిట్టినా బాగుండేది.

ఇంట్లో నేను టీలో పంచదార వేసుకోను. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఆ సంగతి నేనే చెప్పుకునేదాన్ని, అడక్కపోయినా. ఆఫీసు నుంచి ఇంటికి ఇరవై ఐదు నిమిషాలు. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో నేను వేరే మనిషిని. గరాజులో కారాపి, ఆఖరి ముక్క నమిలి, మంచినీళ్లతో నోరు పుక్కిలించి మరీ లోపలికి వెళ్లేదాన్ని.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. నాన్న లెక్కల మాస్టారు. నలభై ఆరో ఏట షుగరొచ్చాక, ఎవరైనా ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెస్తే అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసేది. నాన్న స్కూలు నుంచి వస్తూ దారిలో సున్నుండలు కొని, కాగితంలో చుట్టి, పుస్తకాల అరలో ఆల్జీబ్రా వెనక దాచుకునేవారు. ఆయన్ని పట్టించింది డాక్టరు కాదు, చీమలు. కిటికీ నుంచి అర దాకా బారు కట్టాయి. అమ్మ ఆ బారు పట్టుకుని వెళ్లి పుస్తకం లాగింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

పరగడుపు పరీక్షకి రెండు రోజుల ముందు నుంచీ నాన్న మహా నిష్ఠగా ఉండేవారు. కాకరకాయ, మజ్జిగ, పొద్దున్నే నడక. రిపోర్టు బాగానే వచ్చేది. తర్వాత మూడు నెలల షుగర్ టెస్టు వచ్చింది, అదే ఏ1సీ. ఆయన ఆటలు అక్కడితో కట్టు. రక్తంలో తిరిగే గ్లూకోజు, బూందీకి పాకం పట్టినట్టు, ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది. ఆ కణం బతికేది దాదాపు 120 రోజులు. అంచేత రెండు రోజుల నిష్ఠ దాన్ని కదిలించలేదు, గడిచిన రెండు మూడు నెలల్లో ఏం జరిగిందో అది చెప్పేస్తుంది. "చాడీలు చెప్పే టెస్టు" అనేవారు నాన్న.

కారు సంగతి బయటపడ్డాక పరీక్ష చేయించుకుంటే నా ఏ1సీ 6.1 వచ్చింది. 5.7 లోపు మామూలు, 6.5 నుంచి మధుమేహం. నడిమధ్యలో ఉన్నదాన్ని ఇక్కడ ప్రీడయాబెటిస్ అంటారు, మనవాళ్లు "బోర్డర్‌లో ఉంది" అంటారు, వీసా అందక ఆగిపోయినట్టు. అంతకుముందు ఏటా చేసిన పరగడుపు పరీక్షలో నేనూ నాన్నలాగే పాసయిపోయేదాన్ని. పైగా సన్నగానే ఉంటాను కదా అన్న ధీమా. డాక్టరుకీ అనుమానం రాలేదు.

అనుమానం రావడానికి కారణం మాత్రం ఉంది. పదకొండేళ్ల కిందట చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు ల్యాబులో 50 గ్రాముల గ్లూకోజు కలిపిన నారింజరంగు నీళ్లిచ్చారు. అయిదు నిమిషాల్లో తాగి గంట కూర్చోవాలి. గొంతు దిగలేదు, కక్కుకోకుండా ఉండడమే గొప్ప. తర్వాతి పరీక్షలో గర్భిణుల్లో వచ్చే షుగర్ అని తేలింది, కాన్పు కాగానే పోయింది. ఒకసారి వచ్చి పోయినా, ముందు ముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని, ఒకటి నుంచి మూడేళ్లకోసారి చూపించుకుంటూ ఉండమని చెప్పే పంపారు. పిల్లాడి టీకాల తేదీలన్నీ గుర్తున్నాయి నాకు. ఈ సంగతి డాక్టరుకి చెప్పడం మాత్రం మరిచిపోయాను.

విచిత్రం ఏమిటంటే, ఆనాడు గొంతు దిగని ఆ 50 గ్రాములనే నేను రోజూ సాయంత్రం నాలుగింటికి డబ్బిచ్చి కొనుక్కునేదాన్ని. పైన క్రీము, క్యారమెల్ పోసిన ఐసు కాఫీ. షాపు యాప్‌లో చూస్తే చక్కెర యాభై గ్రాములు దాటింది. నాలుగు గ్రాములు ఒక చెంచా, అంటే పన్నెండు చెంచాలు పైమాటే. వేడి కాఫీలో ఎవరైనా పన్నెండు చెంచాలు వేసి ఇస్తే మతి పోయిందా అని అడుగుతాం. చల్లదనం తీపిని నాలుకకి తెలియనివ్వదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆడవాళ్లకు రోజంతటికీ చెప్పేది 25 గ్రాములే. ఇక బ్రెడ్డు, సాసుల సంగతి సరే, పెరుగులో కూడా పంచదార వేసి అమ్మే దేశం ఇది. విడిగా కలిపిన చక్కెర ఎంతో ప్యాకెట్ మీద వేరే లైనులో వేయాలని 2016లో రూలు పెట్టారు, 2020 నుంచి పెద్ద కంపెనీలన్నీ వేస్తున్నాయి. ఆ లైను నేను చదవలేదని కాదు. చదివే తిన్నాను.

అదే నన్ను భయపెట్టింది. ఇది వ్యసనమేనా? ఇక్కడి మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథంలో చక్కెర వ్యసనమనే జబ్బు లేదు. శాస్త్రవేత్తలు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల గురించి చదివాను. 12 గంటలు కడుపు మాడ్చి, తర్వాత 12 గంటలు తిండితోపాటు చక్కెర నీళ్లు పెడితే, కొన్నాళ్లకు అవి మత్తుకు అలవాటు పడ్డట్టు దాని మీద ఎగబడ్డాయి. చక్కెర నీళ్లు ఎప్పుడూ ఎదురుగా ఉన్న ఎలుకలు అలా ఎగబడలేదు. మనుషులకి ఇది ఎంతవరకు వర్తిస్తుందో పెద్దలు తేల్చుకోనీండి, నా మట్టుకు నేను ఆ మాడిన ఎలుకని గుర్తుపట్టాను. మీటింగు మీద మీటింగు పెట్టుకుని మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టేది, నాలుగింటికి కళ్లు తిరుగుతుంటే చక్కెర కోసం పరిగెత్తేది నేనే. అది కాసేపు పైకి లేపి, ఇన్సులిన్ పొంగాక కిందికి దించేది. ఆ దిగిన చోట కారు ఉండేది, కారులో చాక్లెట్లు ఉండేవి.

తీపి పూర్తిగా మానలేదు. మానేస్తానని ఒట్టు పెట్టుకున్న ప్రతిసారీ ఏం జరిగిందో డోరు జేబుకి తెలుసు. పన్నెండున్నరకి క్యాలెండర్లో "మీటింగు" అని పెట్టుకుని అన్నం, పప్పు, ఉడకేసిన గుడ్డు తింటున్నాను. నాలుగింటికి ఇంటినుంచి తీసుకెళ్లిన ఫ్లాస్కులో కాఫీ, ఒక చెంచా పంచదారతో. తీపి తినాలంటే ఆదివారం బల్ల దగ్గర, అందరి ఎదుటా. మా వాడికి కూడా నిజం చెప్పాను. "నా పేరు చెప్పావా?" అని రెండు రోజులు అలిగాడు. దీపావళి పార్టీలో జారిపోయాను, ఆ రాత్రే మా ఆయనకి చెప్పాను. జనవరిలో 5.8 వచ్చింది. ఇంకా బోర్డర్‌లోనే.

వీడియో కాల్‌లో నాన్నకు ఆ అంకె చెబితే, "ఆ చాడీల టెస్టు అక్కడ కూడా ఉందా తల్లీ?" అని నవ్వి, తన అంకె అడిగేలోపు ఫోను అమ్మకిచ్చేశారు.

ఇక్కడున్న మన ఆడపిల్లలకి ఒక మాట. కడుపుతో ఉన్నప్పుడు షుగరొచ్చి పోయి ఉంటే ఆ సంగతి మీ డాక్టరుకి మళ్లీ చెప్పండి. మనలాంటి ఆసియా వాళ్లకి బీఎంఐ 25 దాకా ఆగక్కర్లేదు, 23 ఉండి అమ్మానాన్నలకో తోబుట్టువులకో షుగర్ ఉంటే పరీక్ష చెయ్యాలని, మీకే ఒకసారి వచ్చి పోయి ఉంటే బీఎంఐ ఎంతున్నా చెయ్యాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. ఏటా చేసే చెకప్‌లో ఏ1సీ లేకపోతే మీరే నోరు తెరిచి అడగండి.